గుత్తి వంకాయకు సైజ్ జీరో

జూబ్లీహిల్స్‌లో ఇప్పుడు కూరలకు కూడా ఇంట్రడక్షన్ సీన్ ఉంటోంది. డబ్బా మూత మీద ముందు 'ఆయిల్ ఫ్రీ' అని టైటిల్ పడుతుంది. దాని కింద కేలరీల లెక్క. ఆ కింద, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనపడని అక్షరాల్లో, అసలు నటీనటులు: వంకాయ, పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, జీడిపప్పు ముద్ద. చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వాళ్ల బల్లల మీద మధ్యాహ్నానికి ఇవే డబ్బాలు. నెలకింతని చందా కట్టి, బరువు తగ్గడానికి తెప్పించుకునే కూరలివి.

నేతి బీరకాయలో నెయ్యి ఎంతుంటుందో మన పెద్దలు ఏనాడో చెప్పారు. నూనె లేని గుత్తి వంకాయలో నూనె ఎంతుంటుందో చెప్పే భాగ్యం మాత్రం మన తరానికి మిగిలింది. పల్లీల్లో, నువ్వుల్లో సగానికి అటూ ఇటూగా కొవ్వే. ఎండుకొబ్బరిలో సగం దాటిపోతుంది. గానుగ వాడు నూనె తీసేది వీటిలోంచే కదా! వాటన్నిటినీ వేయించి, మెత్తగా నూరి, వంకాయ కడుపు పగిలేలా కూరి, పైన చుక్క నూనె వెయ్యలేదు కాబట్టి ఆయిల్ ఫ్రీ అంటారు. డబ్బా తెప్పించుకోకుండా ఇంట్లో వండించుకునే వాళ్లదీ ఇదే వరస. మూకుడు మూత తీసేసరికి అంచుల వెంట ఎర్రగా నూనె తేలుతుంది. వంటావిడ వేలెత్తి చూపిస్తే, "అది నాచురల్ లేమ్మా" అంటారు మేడంగారు. సీసాలోదీ ఆ పల్లీల కడుపున పుట్టిందేనని వంటావిడకు తెలుసు. కానీ జీతం ఇచ్చేది మేడంగారు.

సినిమా వాళ్లకు ఇది తెలియని విద్యేం కాదు, దీన్నే డూప్ అంటారు. నూనె చెయ్యాల్సిన ఫైటంతా జీడిపప్పు చేసి పెడుతుంది, క్లోజప్‌కి వంకాయ వచ్చి నిలబడుతుంది. పెద్ద చెంచాడు నూనెకు 120 కేలరీలు, వంద గ్రాముల జీడిపప్పుకు 550 పైమాటే. ఓవర్సీస్ వసూళ్లు సెంట్లతో సహా చెప్పగల నిర్మాతలు ఈ లెక్క మాత్రం అడగరు.

పోపు దగ్గర ఈ బాగోతం ఇంకా రక్తి కడుతుంది. "నూనె లేకుండా పోపు పెట్టు" అని ఆర్డరు. "ఎలాగండీ అమ్మగారూ?" అంటుంది గోదావరి జిల్లా నుంచి వచ్చిన వంటావిడ. "నీళ్లలో వెయ్యి." నీళ్లు ఎంత కాగినా వంద డిగ్రీలు దాటవు, ఆవాలు చిట్లడానికి ఆ వేడి చాలదు. పాపం ఆవగింజలు చిటపటమనడం మానేసి ఈత నేర్చుకుంటాయి. కరివేపాకు వాసన కూర దాకా రాదు. అప్పుడు రుచి కోసం, 'ఒక్క చెంచా'తో మొదలుపెట్టి, నెయ్యి వేస్తారు. నెయ్యి గుడ్ ఫ్యాట్ అట, దానికి పాపం అంటదట!

నూనె విషయంలో తెలుగువాళ్లకు రెండు మతాలున్నాయి. కృష్ణా కరకట్ట మీద ఆశ్రమం పెట్టిన మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేని వంటను ఏళ్ల తరబడి టీవీల్లో నేర్పారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారొచ్చి, అన్నం మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు పుచ్చుకోమన్నారు. జనం కొబ్బరినూనె సీసాల వెంట పడ్డారు. ఇద్దరి మాటా విన్నవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు. ఆ రెండు మతాల్లోనూ ఎంతోకొంత నిష్ఠ ఉంది. జూబ్లీహిల్స్‌ది ఆ బాధ లేని మధ్యేమార్గం: పేరు మంతెన గారి వంటది, రుచి పెళ్లి భోజనానిది.

ఈ తగువు తీర్చే పెద్దమనిషి ఊళ్లోనే, తార్నాకలో ఉన్నాడు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ చేరిన జాతీయ పోషకాహార సంస్థ, 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి 27 గ్రాముల నూనె హాయిగా ఉంచింది. అంటే దాదాపు రెండు పెద్ద చెంచాలు. పల్లీలూ నువ్వులూ జీడిపప్పుల్లాంటి గింజలకు విడిగా 35 గ్రాములు, అంటే డూపుల్ని కూడా త్రాసులో పెట్టిందన్నమాట. ఫీజు లేదు, డెలివరీ చార్జీ లేదు. ఉత్తినే ఇచ్చే సలహాకు రోడ్ నంబర్ 36లో విలువెవరిస్తారు?

ఇంతకీ ఈ వీధుల్లో హీరో కూర పంపితే ఆప్యాయత, హీరోయిన్ తింటే వార్త. 'ప్రాజెక్ట్ కె' షూటింగప్పుడు ప్రభాస్ ఇంటి నుంచి వచ్చిన భోజనం సైన్యానికి సరిపోయేంత ఉందని 2022లో అమితాబ్ బచ్చనే మురిసిపోయారు. మనమూ మురిశాం. 2015లో అనుష్క బరువు పెరిగి మరీ 'సైజ్ జీరో' చేసింది, బరువు తగ్గిస్తామనే క్లినిక్ మోసం మీద తిరగబడే అమ్మాయి కథ. సినిమా ఆడలేదు. ఆ తర్వాత ఆమెను అడిగిందంతా, ఎన్ని కిలోలు తగ్గారని!

నిజంగా నూనె తక్కువున్న కూరలు మనకు లేవా? తోటకూర పప్పు, సొరకాయ పులుసు, టమాటా చారు: ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్క చెంచా పోపు. కానీ సొరకాయ పులుసుకు రీల్ తీస్తే ఎవరు చూస్తారు? కొండ దిగి కృష్ణానగర్ వెళ్తే చిన్న వేషాల కోసం తిరిగే కుర్రాళ్లు తినే మెస్సుల్లో అసలు సిసలు లో-ఫ్యాట్ చారు దొరుకుతుంది. గరిట అడుగుదాకా తిప్పినా పప్పు తగలదు. దాన్ని ఏ డబ్బాలోనూ పెట్టి పైకి పంపరు.

అయినా డబ్బా వాళ్లను ఒక్కళ్లనే అనేం లాభం? కూర మీద ఇంత పరిశోధన చేసినవాళ్లు పక్కనున్న అన్నం జోలికి పోకపోవడానికి కారణం ఉంది. తెల్లన్నం తీసి బ్రౌన్ రైస్ పెట్టినా కేలరీల్లో పెద్ద తేడా రాదు, పీచులో వస్తుంది. తగ్గించాల్సింది కొలతే. 'అన్నం సగం తగ్గించండి' అని మూత మీద రాస్తే డబ్బాలో సగం ఖాళీ కనపడుతుంది. ఖాళీ డబ్బాకు చందా ఎవరు కడతారు?