‘కండ్లు పోతయ్’ వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం: “గట్ల అడగొద్దు, కండ్లు పోతయ్, మన పెద్దోళ్లు ఊకె పెట్టలే, అన్నిట్ల సైన్సుంది, దండం పెట్టు, ఫొటో దిగుదాం.”

అవతారిక: దసరాకు శని, ఆదివారాలు కలిసొచ్చినప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి గృహస్థులు సంతానసమేతంగా కారెక్కి, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి, అలంపురం జోగుళాంబ సన్నిధికి చేరి, అక్కడ పిల్లలు వేసే మొదటి ప్రశ్నకే ఈ వాక్యాన్ని ఉచ్చరిస్తారు. తండ్రి తాతనుంచి, తాత ముత్తాతనుంచి విన్నదే తప్ప ఒకరు రచించినది కాదు గనుక దీనిని అపౌరుషేయమని, అంటే మానవకర్త లేనిదని, ఒప్పుకోవలసి ఉన్నా, ‘సైన్సుంది’, ‘ఫొటో దిగుదాం’ అన్న భాగాలు మాత్రం ప్రక్షిప్తాలు, అనగా పిదపకాలంవారు చొప్పించినవి. శైలినిబట్టి అవి వాట్సాప్ యుగానివని నిర్ణయం. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి టీకలు రచించిన కొలిచాల మల్లినాథసూరి మెతుకుసీమవాడు; పాలమూరు టీకాకారుడికి ఆ ప్రతిజ్ఞ వర్తించదు.

టీక: ‘గట్ల అడగొద్దు’ సుగమం. ‘కండ్లు పోతయ్’: నిషేధం చెప్పినచోట దానిని మీరినందుకు ఫలం కూడా చెప్పడం శాస్త్రమర్యాద గనుక ఇది చేరింది. ఎవరి కండ్లన్న ఆకాంక్ష, అంటే వాక్యం పూర్తికావడానికి కావలసిన పదం కోసం ఎదురుచూపు, మిగిలే ఉంది. అడిగినవారివని సంప్రదాయం, కాని ఆ మతం నిలవదు, ఏలయనగా ఆ గుంపులో కండ్లు సరిగా పనిచేస్తున్నది అడిగిన పిల్లకే.

పిల్ల అడిగినదేమి? “అమ్మవారి నెత్తిమీద బల్లెందుకుంది?” అని. జోగుళాంబ జటల్లో బల్లి, తేలు, గబ్బిలం, పుర్రె ఉన్న మాట నిజం. పెద్దలు చీర అంచును, హారతి పళ్లెంలో వేయవలసిన నోటును చూస్తుండగా పిల్ల బల్లిని చూసింది. ఇంట జీవకళ తగ్గేకొద్దీ బల్లులు, తేళ్లు, గబ్బిలాలు చేరతాయని, చివరిది మరణమని, ఆ కీడును తొలగించే గృహచండి ఈమె అని అక్కడ చెప్పే వివరణ పిల్లకు తెలియనిదేమీ కాదు: బతుకుదెరువుకు పట్నం పోయినవారు తాళం వేసిన పాలమూరు ఇంటిని పండుగకు తెరిచినప్పుడు ముందు గోడమీద బల్లి, ఆపైన కట్టెలకింద తేలు, చీకటి అర్రలో గబ్బిలం ఎదురవుతాయి. అష్టాదశ శక్తిపీఠాల్లో అలంపురంలో పడినవి సతీదేవి పైపళ్లని పురాణప్రసిద్ధి. పైపళ్లూడిన ఏడేండ్ల పిల్లకు ఇంతకన్న ఆసక్తికరమైన పురాణం ఉండదు. ఆ మాటా ఎవరూ చెప్పరు.

విశేషం: ఇక్కడి నవబ్రహ్మాలయాలు బాదామి చాళుక్యులనాటివి, 7, 8 శతాబ్దాలవి, తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని తొమ్మిదింటికీ బ్రహ్మ పేరే, గుళ్లు మాత్రం శివుడివి. కృష్ణాతుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయం ముంపులో పడుతుందని దానిని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. కొల్లాపూర్ దగ్గరి సోమశిల గుళ్లూ అట్లాగే ఒడ్డెక్కాయి. ఎక్కిన గుళ్ల సంగతి అందరూ చెబుతారు. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట వెనుక మునిగిన ఊళ్ల ఇండ్లను ఎవరూ రాయి రాయిగా విప్పలేదు. నీళ్లు తగ్గిన ఎండాకాలం మొండిగోడలు బయటపడితే ఇది మా వాకిలి, అది మా బాయి అని చూపేవారు కొల్లాపూర్ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. దేవుడు ఇల్లు మారతాడా, మారితే ఆయనకిచ్చిన జాగా మాకెందుకు ఇయ్యలేదు అని పిల్ల అడిగితే అది నాస్తికత్వం కాదు, పునరావాస సమస్య. టీకాకారుడు మూలాన్ని మరచినట్టున్నాడు.

‘అన్నిట్ల సైన్సుంది’: ఏ సైన్సని అడిగితే వైబ్రేషన్లని సమాధానం, ఏ వైబ్రేషన్లంటే మళ్లీ కండ్లు పోతయ్. ఇది చక్రకదోషం, అంటే తిరిగి మొదటికే వచ్చే తర్కం. నమ్మకానికి తహసీల్ కచేరీలో ధ్రువపత్రం తెచ్చినట్టు సైన్సు దగ్గర ముద్ర వేయించుకునే ఈ ఆరాటంలో భక్తీ చెడింది, భౌతికశాస్త్రమూ చెడింది. నేను నమ్ముతాను, నాకు ఇట్లా దండం పెడితే మనసు కుదుటపడుతుంది అని చెప్పడానికి తండ్రికి సిగ్గు. పిల్లకు కావలసింది అదే.

తాత్పర్యం: ‘నాకు తెల్వదు’ అని భావం. ఒక నిషేధం, ఒక శాపం, ఒక శాస్త్రం, ఒక ఫొటో ఖర్చుచేసి దాచిన అర్థం ఇంతే. కావున గృహస్థులారా, తెలియనప్పుడు తెలియదనే చెప్పండి, పూజారిని అడుగుదాం పద అనండి. రాళ్ల సంగతైతే మ్యూజియం గుళ్ల పక్కనే ఉంది.