మూడున్నర డాలర్ల సముద్రం

విహారనౌకలో టైము తప్ప అన్నీ ఉంటాయి. తిన్నంత తిండి, ఈతకొలనులు, అర్ధరాత్రి అడిగినా ఐస్‌క్రీము. కానీ ఓడ ఏదైనా దీవికి చేరి తాళ్ళు కట్టిందంటే, పొద్దున్న 8 గంటలకి మనల్ని దింపి సాయంత్రం 4:30 కల్లా లోపలుండమంటుంది. 5 గంటలకి వెళ్ళిపోతుంది. ఈ మధ్యలో ఒక దేశం చూసెయ్యాలి. జెండా, పార్లమెంటు, ప్రధానమంత్రి, సొంత డాలరూ ఉన్న నిఖార్సయిన దేశం. ఒక్క సంతకం కోసం ఆఫీసు బల్ల ముందు ఇంతకంటే ఎక్కువసేపు కూచున్నవాణ్ణి నేను.

మావాడూ కోడలూ న్యూజెర్సీలో ఉంటారు. చలికాలమంతా మేమిద్దరం హీటరు ముందునుంచి కదలడం లేదని జాలిపడి, ఫ్లోరిడా నుంచి కరీబియన్ దీవులు తిప్పే ఓడకి టిక్కెట్లు తీశాడు మావాడు. ఆ దారిలో బార్బడోస్ ఉంది. మా తరానికి బార్బడోస్ అంటే బీచి కాదు, రేడియో. సోబర్స్ అక్కడివాడు, మాల్కం మార్షల్ అక్కడివాడు, జోయెల్ గార్నర్ అక్కడివాడు. మన బ్యాట్స్‌మెన్ పక్కటెముకలు ఆ దీవిని ఇప్పటికీ మరిచిపోయి ఉండవు.

ఓడలో ఒక కౌంటరుంది. అక్కడ బీచి అమ్ముతారు. ఏసీ బస్సు, ఓ కుర్చీ, ఓ గొడుగు, ఓ గ్లాసు పానీయం కలిపి తలకి 80 డాలర్లు. రూపాయల్లోకి మార్చనని మావాడు నా చేత ముందే ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి మార్చలేదు. మార్చకుండానే నోరెండిపోయింది.

“దీవి పొడవు మొత్తం 34 కిలోమీటర్లు, వెడల్పు 23. మన హైదరాబాదు కంటే చిన్నది. ఎటు తిరిగినా సముద్రమే తగులుతుంది. దానికి 80 డాలర్లేమిట్రా?” అన్నాను.

“నాన్నా, ఓడవాళ్ళ టూరులో వెళ్ళి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఆగదు” అన్నాడు.

అసలు సరుకు అదన్నమాట. బీచికి 10 డాలర్లు, భయానికి 70.

“ఓడ పోతే పోనీ. 2024లో ప్రపంచకప్పు గెలిచిన మన జట్టే ఇక్కడ చిక్కుకుపోయింది. బెరిల్ తుపానుకి విమానాశ్రయం మూసేస్తే కప్పు పక్కన పెట్టుకుని హోటల్లో కూచున్నారు. రోహిత్ శర్మకి లేని తొందర నాకెందుకు?”

“వాళ్ళకి బోర్డు విమానం పంపించింది. నీకు నేను పంపించాలి.”

ఈ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది గానీ, మా ఆవిడ దగ్గరుంది. “మేం బస్సులో వెళ్తాం. మీరిద్దరూ టూరుకి వెళ్ళండి. మాకోసం మీరు ఆగక్కర్లేదు, మీకోసం మేమూ ఆగం” అంది. కుటుంబం అక్కడితో రెండు పార్టీలుగా చీలింది.

బయల్దేరేముందు మైకులో ఒక ప్రకటన వచ్చింది. బార్బడోస్‌లో మిలిటరీ మచ్చల బట్టలు మామూలు జనం వేసుకోవడం నేరమట. పిల్లలు వేసుకున్నా సరే, నేరమే. నేను అప్పటికే కోఠీలో బేరమాడి కొన్న మచ్చల నిక్కరు తొడుక్కుని ఉన్నాను. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో నా బట్టల విషయంలో ఆవిడకి తోడుగా ఒక ప్రభుత్వం నిలబడడం అదే మొదలు.

రేవు గేటు దాటగానే టాక్సీవాళ్ళు చుట్టుముట్టారు. మర్యాదస్తులు, వద్దంటే నవ్వి వదిలేశారు. ఎడమవైపు బళ్ళు నడిచే దేశం కనుక రోడ్డు దాటడానికి మా మెడలు సరైన దిక్కుకే తిరిగాయి. అమెరికా వెళ్ళినప్పటినుంచి దాటిన రోడ్లలో ప్రాణభయం లేకుండా దాటింది అదొక్కటే. ప్రపంచకప్పు ఫైనల్ జరిగిన కెన్సింగ్టన్ ఓవల్ అక్కడికి కూతవేటు దూరం. సముద్రం పక్కనుంచే నడుచుకుంటూ పోతే బ్రిడ్జ్‌టౌన్ ఊళ్ళోకి వచ్చేస్తాం. పడవలు కట్టేసిన కాలవ, దాని మీద చిన్న వంతెన, పక్కనే గడియారం స్తంభంతో పార్లమెంటు. ఎదుటి చౌకులో రెండు శతాబ్దాల పైచిలుకు నిలబడ్డ నెల్సన్ విగ్రహాన్ని 2020 నవంబరులో దించేశారు. మరుసటి నవంబరుకి ఇంగ్లండు రాణిగారికి కూడా నమస్కారం పెట్టి రిపబ్లిక్ అయిపోయారు.

అది దాటి ఇంకాస్త నడిస్తే బస్టాండు.

బార్బడోస్‌లో బస్సులు మూడు జాతులు. నీలం ఒంటికి పసుపు చార ఉంటే సర్కారుది. కండక్టరుండడు, డ్రైవరు పక్కన డబ్బాలో సరిగ్గా మూడున్నర డాలర్లు వేయాలి. నాలుగేస్తే అర్ధ డాలరు దేశానికి విరాళం. పసుపు ఒంటికి నీలం చార ఉంటే ప్రైవేటు మినీబస్సు. తెల్ల ఒంటికి ముదురెరుపు చార ఉంటే జెడ్ఆర్. నెంబరు ప్లేటు మీద మొదట ఆ రెండక్షరాలుంటాయి కాబట్టి జనం దాన్ని అలాగే పిలుస్తారు. మనకి ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, షేరాటోకి తలుపులూ స్పీకర్లూ పెడితే జెడ్ఆర్. ఏ జాతిదెక్కినా, ఎంత దూరం వెళ్ళినా, మేం వెళ్ళినప్పుడు రేటు ఒకటే: మూడున్నర బార్బడోస్ డాలర్లు. వాళ్ళ రెండు డాలర్లకి అమెరికా డాలరొకటి. 1975 నుంచి ఆ లెక్క కదల్లేదు. అంటే ఒక మనిషికి ఒకటీ ముప్పావు అమెరికా డాలరు. 80 డాలర్ల బీచి ఒకటీ ముప్పావుకి దిగివచ్చింది. కూరగాయల బేరంలో కూడా నాకెప్పుడూ ఇంత తగ్గలేదు.

మా ఆవిడకి మాత్రం ఇదీ ఎక్కువే అనిపించింది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చాక ఆవిడ టిక్కెట్టు కొనడం మానేసింది. జెడ్ఆర్ కండక్టరు చెయ్యి చాపగానే, అలవాటు కొద్దీ సంచీలోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫొటో చూసి, ఆవిణ్ణి చూసి, “నైస్ పిక్చర్, మా” అని తిరిగిచ్చేశాడు. ఆధార్ ఫొటోని మెచ్చుకున్న మనిషిని మేం అంతకుముందు చూడలేదు, ఇకముందు చూడబోం. ఆ ఒక్క మాటకి ఇద్దరి టిక్కెట్టూ ఆవిడే కొనేసింది. అమెరికా నోటు తీసుకుని స్థానిక డాలర్లలో చిల్లర పైసలతో సహా లెక్కపెట్టి ఇచ్చాడు.

మేమెక్కింది 11వ నెంబరు. ఊరినుంచి దక్షిణ తీరం పట్టుకుని సిల్వర్ శాండ్స్ దాకా పోతుంది. వ్యాను పదిహేను మందికి సరిపడేలా ఉంది. పదిహేనో మనిషి ఎక్కాక కండక్టరు ఇంకా బయట నిలబడి జనాన్ని పిలుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఓడ దిగాక మొదటిసారి తెలిసిన ప్రపంచంలోకి వచ్చినట్టుంది. నా మోకాలు ఒక పెద్దమనిషి కూరగాయల సంచీ మీద, మా ఆవిడ మోచెయ్యి ఒక స్కూలు పిల్ల పుస్తకాల మీద సర్దుకున్నాయి. స్పీకరు నా సీటు కిందే ఉన్నట్టుంది; పాట చెవిలోంచి కాక వెన్నెముకలోంచి ఎక్కింది.

అంత ఇరుకులోనూ ఒకటి గమనించాను. ఎక్కే ప్రతివాడూ ముందు గుమ్మంలో నిలబడి “గుడ్ మార్నింగ్” అంటాడు. వ్యాను వ్యానంతా “మార్నింగ్” అంటుంది. పాట కింద నుంచి, సంచీల వెనక నుంచి, ముఖాలు కూడా కనిపించని మూలల నుంచి. అప్పుడుగాని లోపలికి అడుగు పెట్టడు. మన సిటీ బస్సులో ఎవరైనా ఎక్కుతూనే అందరికీ శుభోదయం చెబితే జనం ముందు పర్సులు తడుముకుంటారు. రెండు స్టాపులు గడిచేసరికి మా ఆవిడ కూడా ఎక్కేవాళ్ళకి బదులు చెప్పడం మొదలుపెట్టింది, తన ఇంటికొచ్చిన పేరంటాళ్ళని పిలిచినంత ధీమాగా.

స్టాపుల బోర్డులు గుండ్రంగా ఉంటాయి. కొన్నిటి మీద “టు సిటీ”, కొన్నిటి మీద “ఔట్ ఆఫ్ సిటీ”. ఊళ్ళోకా, ఊరవతలకా, అంతే. ఎటు పోవాలో తెలియనివాడికి కూడా సగం నిర్ణయం అయిపోయినట్టే.

కూరగాయల సంచీ పెద్దమనిషి మమ్మల్ని పరకాయించి చూసి, “ఇండియా?” అన్నాడు. అవునన్నాను. “ఆ క్యాచ్. తాడుకి కాలు తగిలింది” అన్నాడు. ఏ క్యాచో చెప్పనవసరం లేదు. ఫైనల్ ఆఖరి ఓవరు, మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ గీత దగ్గర పట్టి, గాల్లోకి విసిరి, బయటికి పోయి లోపలికొచ్చి మళ్ళీ పట్టింది. తగల్లేదన్నాను. తగిలిందన్నాడు. ముందు సీటావిడ తగల్లేదంది. డ్రైవరు పాట తగ్గించి, అద్దంలో మమ్మల్ని చూస్తూ, మార్షల్ ఉండి ఉంటే అసలు ఆఖరి ఓవరు దాకా రానిచ్చేవాడే కాదన్నాడు. ఆ మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది. 7 పరుగులతో గెలిచిన మ్యాచిని ఆ దీవిలోనే, వాళ్ళ నోటనే ఓడిపోకుండా మరోసారి గట్టెక్కించానన్న తృప్తి నాకు మిగిలింది.

ఓడలో మమ్మల్ని పలకరించినవాళ్ళు లెక్కలేనంతమంది. ప్రయాణం ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, చివర్లో మార్కులు వేయండి అని. వాళ్ళ జీతం మా ఆనందం మీద ఆధారపడి ఉంది పాపం. అందుకని ఆనందించి ఆనందించి అలిసిపోయాం. జెడ్ఆర్‌లో మేం ఆనందంగా ఉన్నామో లేదో ఎవరికీ పట్టలేదు. సంచీ తొక్కకుండా ఉంటే చాలు, క్యాచ్ గురించి ఒక అభిప్రాయం ఉంటే ఇంకా మంచిది. అతిథిగా ఉండడం కంటే ప్రయాణికుడిగా ఉండడంలో ఎంత సుఖముందో అక్కడ తెలిసింది.

ఆక్రా బీచి దగ్గర దిగాం. రోడ్డు మీదనుంచే ఇసుక మొదలు. బార్బడోస్‌లో బీచిలన్నీ ప్రజలవి. ఎంత పెద్ద హోటలైనా కుర్చీకి అద్దె అడగొచ్చు గానీ ఇసుకకి అడక్కూడదు. మా ఆవిడ కుచ్చెళ్ళు ఎగదోపి పిక్కల లోతున నిలబడింది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, కాలి మెట్టెలు పైనుంచి కనిపిస్తున్నాయి. చిన్న చేపలు రెండు వచ్చి వాటిని వాసన చూసి పోయాయి. “వైజాగులో అయితే కాళ్ళే కనిపించవు” అంది. అంది గానీ, వెంటనే “అయినా మన అలల పొగరు వీటికి లేదులెండి” అని వైజాగు పరువు నిలబెట్టింది.

మధ్యాహ్నం ఒక కొట్లో బంగాళాదుంప కూర చుట్టిన రోటీ దొరికింది. జీలకర్ర, పసుపు, పచ్చిమిరపకాయ కన్నా నాలుగింతలు కారంగా ఉండే వాళ్ళ మిరప. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా ట్రినిడాడ్‌కీ గయానాకీ ఓడలెక్కి వెళ్ళిన మనవాళ్ళ వంట, అక్కడినుంచి ఈ దీవికి పాకింది. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళనెవరూ సాయంత్రం నాలుగున్నరకి వెనక్కి రమ్మనలేదు. ఆ రోటీని నేను పారేయకుండా చివరి ముక్కదాకా తిన్నాను, కళ్ళ నీళ్ళు కారానికే అని మా ఆవిడకి చెప్పుకుంటూ.

ఇంతలో ఆవిడ ఫోను చూసి కెవ్వుమంది. నాలుగైపోయింది! నాలుగవలేదు. ఆ దీవి టైము ఫ్లోరిడా కంటే చలికాలంలో గంట ముందుంటుంది. మా ఓడ తన గడియారాన్ని ఫ్లోరిడా టైములోనే ఉంచింది. ఫోను మాత్రం దిగగానే దీవి పక్షాన చేరిపోయింది. ఓడలో మూడే అయిందని నేను చేతి గడియారం చూపించి వివరించాను. “మీ వివరణలకి ఓడ ఆగదు” అని చెప్పులు చేతబట్టుకుని బయల్దేరింది.

రోడ్డు పక్కన, “టు సిటీ” బోర్డు కింద నిలబడి చెయ్యి ఎత్తేలోపే జెడ్ఆర్ హారను కొట్టి ఆగింది. గడియారానికి కట్టుబడ్డవాడికి ఇంతకంటే తగిన బండి లేదు. మాకు తొందర, డ్రైవరుకి వెనకనుంచి వచ్చే ఇంకో జెడ్ఆర్ వల్ల మాకంటే తొందర. ఊరి దగ్గర ట్రాఫిక్కులో ఒక ఏసీ బస్సు పక్కకి చేరాం. రంగు అద్దాల వెనక మావాడు నిద్రపోతున్నాడు. కోడలు మాత్రం కిటికీలోంచి చూసింది. పాటల హోరులో, ఇద్దరు ముసలమ్మల మధ్య ఇరుక్కుని కూచుని, చెయ్యూపుతూ తనని దాటిపోతున్న అత్తగారిని చూసింది.

వాళ్ళు మా తర్వాత అరగంటకి ఓడకొచ్చారు. టూరులో ఒక జంట చెప్పిన టైముకి రాలేదట. వాళ్ళకోసం బస్సు ఆగిందట. ఆగుతుందని గ్యారంటీ ఇచ్చారు కదా, నిజంగానే ఆగింది. తర్వాత బొమ్మల కొట్టు దగ్గర మళ్ళీ ఆగిందట. సముద్రానికి మిగిలింది గంటన్నర.

4:45కి పైడెక్కు మీద జనం గ్లాసులు పట్టుకుని రెయిలింగుకి ఆనుకున్నారు. ఓడ బయల్దేరేముందు ఇదొక వినోదం. రేవు మీద ఆలస్యమైనవాళ్ళు పరిగెత్తుతుంటే పైనుంచి చప్పట్లు కొడతారు. ఆ రోజు ఒకాయన టోపీ పోగొట్టుకుని, సంచీ వదలకుండా, ఆఖరి నిమిషంలో గుమ్మంలోకి దూకాడు. కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీద పెరిగిన కళ్ళతో చూశాను. పరుగులో కసి ఉంది, దూకడంలో మాత్రం సాధన లేదు.

రాత్రి భోజనాల దగ్గర మావాడు ఫొటోలు చూపించాడు. మా ఆవిడ క్యాచ్ కథ చెప్పింది, తనే ఆ రోజు గీత దగ్గర నిలబడి చూసినట్టు. కోడలు చెమ్చా పక్కన పెట్టి, మావాడికి వినపడకుండా అడిగింది.

“అత్తయ్యా, రేపు సెయింట్ లూసియాలో మీరెలా వెళ్తున్నారు?”

“అది తర్వాత. ముందు నీ దగ్గర చిల్లర ఉందో లేదో చూసుకో” అంది మా ఆవిడ.