టార్కేశ్వరరావు గారు

ప్రతి అపార్ట్‌మెంటులో ఒకాయన ఉంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరేదైనా, బోల్టు బిగింపుని కొలిచే టార్క్ రెంచి కొన్న నాటి నుంచి ఆయన టార్కేశ్వరరావు గారే. ఆ రెంచికి పట్టుపంచెకున్నంత మడి. పనైపోగానే స్ప్రింగు బిగువు తగ్గించి, కొలతను అట్టడుగు గీతకి తెచ్చి పెట్టెలో పడుకోబెడతారు. దాంతో బిగించాలే గానీ విప్పకూడదట.

ఆయన బండి థార్, ఫోర్ వీల్ డ్రైవు. అది ఇంతవరకూ ఎక్కిన కొండల్లోకెల్లా పెద్దది సెల్లారు ర్యాంపు. అయినా ట్రాన్స్‌ఫర్ కేసులో ఆయిల్ మార్చడం మానరు. గేరుబాక్సు నుంచి వచ్చిన శక్తిని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచే పెట్టె అది. ముందు, కొత్త ఆయిల్ పోసే పై బిరడా బోల్టు విప్పుతారు. కింది బిరడా తీసి ఆయిలంతా వదిలేశాక పైది రానని మొండికేస్తే, బండి సంక్రాంతి కూడా అక్కడే చేసుకోవాలి కదా!

ఆటోనగర్ మెకానిక్కుల్ని తలుచుకుంటే ఆయనకి కంపరం. వాళ్లు పానాకి పైపు తొడిగి, కాలు తన్నిపెట్టి లాగుతారు. ఎంత బిగించావయ్యా అంటే, ‘చేతికి తెలుస్తది సార్’ అంటారు. ‘బోల్టు ఉక్కు, పెట్టె అల్యూమినియం. మరలు పోయేది ఎవరికంటావ్?’ అని ఈయన వాదన. రెంచి మీద పెట్టిన బలంలో నూటికి 90 పాళ్లు ఒరిపిడికే పోతుందనీ, బిగింపుకి దక్కేది పదేననీ, మరకి ఆయిల్ అంటితే అదే టార్కుకి బోల్టు ఇంకా సాగిపోతుందనీ లిఫ్టులో దొరికిన వాళ్లందరికీ చెబుతారు. చిరాకేమిటంటే, ఇదంతా నిజమే.

ఇంత శాస్త్రం తెలిసీ ఆయనకి నిద్ర లేదు. ఆ బోల్టు బిగింపుకి తాను చూసిన అంకె 25 న్యూటన్ మీటర్లా, ఫుట్ పౌండ్లా? ఫుట్ పౌండ్లయితే దాదాపు 34 న్యూటన్ మీటర్లు! అర్ధరాత్రి టార్చి పట్టుకుని సెల్లారులోకి దిగుతారు. అలికిడికి లేచిన పక్కింటి వాళ్లకి ఆయన భార్య తలుపు సందులోంచి ధైర్యం చెబుతుంది: ‘దొంగలు కారండీ. మావారు బోల్టుని చూసొద్దామని వెళ్లారు.’

మొన్న ఆదివారం బండి కింద ఈయన, లైటు పట్టుకుని వాచ్‌మన్. కొత్త వాషరేసి, మరలు తుడిచి, ఊపిరి బిగబట్టి రెంచి తిప్పారు. ‘టిక్’ మంది.

‘అయ్యో సార్, ఏదో ఇరిగింది!’

విరగలేదని, ఇక చాలు ఆపమని రెంచి చెప్పే మాటే అదని, దాన్ని మించి వెంట్రుకవాసి తిప్పినా తప్పేనని అరగంట పాఠం చెప్పారు. వాచ్‌మన్ శ్రద్ధగా విన్నాడు.

‘అలాగే సార్. కానీ నా మాటిని ఇంకొక్క పట్టు పట్టేయండి. లేదంటే రాత్రికి మళ్లీ మీరే దిగొత్తారు.’