చెక్ ఇన్ వరదది, చెక్ అవుట్ ఎవరిది?

ఏలూరు, తాడేపల్లిగూడెం కొత్త జంటలకు ఇప్పుడు అన్నవరం తర్వాతి మజిలీ మాల్దీవులట! నీళ్ల మధ్య విల్లా, నరమానవుడి అలికిడి ఉండదు, రాకపోకలకు పడవే దిక్కు. ఆ ఏకాంతం కోసం రాత్రికి లక్ష పోసేవారూ ఉన్నారు.

అయ్యా, ఈ సదుపాయాలన్నీ కొల్లేటి లంకల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. బుడమేరు, తమ్మిలేరు పొంగితే చాలు, రోడ్డు మునిగి ఊరు ద్వీపమైపోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు దిగింది ఇక్కడికే. గుమ్మంలోంచే సరస్సు దర్శనం, పైసా అదనం లేదు! చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి. ఆ నీరు సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. దానికేమో పూడిక, ఆక్రమణలు. కనుక బస ఎన్నాళ్లో అతిథి చేతిలో ఉండదు.

1999లో కొల్లేరును అభయారణ్యం అన్నారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు తెచ్చారు. 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను పొక్లెయిన్లతో కొట్టేశారు. గట్లు మాత్రం పట్టువదలక మళ్లీ లేచాయి. అసలైన విల్లా యోగం పెలికాన్లదే: ఆటపాక పక్షి కేంద్రంలో గూళ్లు కట్టుకోమని వాటికి నీళ్లలో ఇనుప స్టాండ్లు వేసిపెట్టారు.

రెక్కల్లేని లంకవాసి అడిగేది ఒక్కటే. చెక్ ఇన్ ఎలాగూ వరదే చేయిస్తోంది, చెక్ అవుట్‌కైనా మునగని రోడ్డు వేయించండి సారూ!