లారీకి వరం, రైలుకు వడ్డన

గాలిలోకి బొగ్గుపులుసు వాయువును వదిలేవారు టన్నుకు ఇంత చొప్పున ఖజానాకు చెల్లించాలన్నదే కర్బన ధర అనే విధానానికి మూలసూత్రం. ఎక్కువ పొగ వదిలే పని ఖరీదై, తక్కువ పొగ వదిలే పని చవకైతే జనం తమంతట తామే రెండో దారికి మళ్లుతారని అర్థశాస్త్రజ్ఞుల విశ్వాసం. ఈ సూత్రాన్ని 2012 జులై 1న టన్నుకు 23 డాలర్ల చొప్పున అమలుకు తెచ్చిన ఆస్ట్రేలియా, రవాణా దగ్గరికి వచ్చేసరికి దానిచేత శీర్షాసనం వేయించింది.

ఉక్కు పట్టాపై ఉక్కు చక్రం దొర్లేటప్పుడు రాపిడి స్వల్పం గనుక, అదే బరువును అంతే దూరం చేర్చడానికి లారీ కంటే రైలుకు చాలా తక్కువ డీజిల్ సరిపోతుంది. ఆ దేశంలో అప్పట్లో డీజిల్‌పై లీటరుకు 38.143 సెంట్ల ఎక్సైజు సుంకం ఉండగా, వ్యాపారానికి వాడిన డీజిల్‌పై దానిని పూర్తిగానో కొంతగానో తిరిగి ఇచ్చే ఏర్పాటుకు ఇంధన పన్ను వాపసు అని పేరు. రైల్వేలకు ఆ వాపసులో లీటరుకు 6.21 సెంట్లు కోత పడింది. లీటరు డీజిల్ కాలితే వెలువడే సుమారు 2.7 కిలోల వాయువుకు టన్ను ధర ప్రకారం కట్టిన వెల అది, లెక్కలో పొరపాటేమీ లేదు. పొరపాటల్లా అదే డీజిల్‌ను అంతకంటే ధారాళంగా తాగే లారీకి ఆ కోత లేకపోవడమే. లారీలు రోడ్డు వినియోగ రుసుము కడుతూనే ఉన్నాయని సమర్థకులు వాదించారు గాని, ఆ రుసుము రోడ్డు అరిగినందుకే తప్ప పొగ వదిలినందుకు కాదు. పైగా పట్టాలు వాడుకున్నందుకు గూడ్సు రైళ్లు కట్టే రుసుమును ఎవరూ పుణ్యం ఖాతాలో జమచేయలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి పుట్టడమన్నది ఖజానాలకూ వర్తిస్తుంది కాబోలు.

కార్ల పెట్రోలుకూ మినహాయింపు లభించింది. సిడ్నీ, మెల్‌బోర్న్ శివార్లలో తిరిగే లోకల్ రైళ్లు మాత్రం ఎక్కువగా బొగ్గుతో పుట్టిన కరెంటు మీద నడిచేవి గనుక, ఆ ధర విద్యుత్ కేంద్రం బిల్లు మీదుగా రైలుకు చేరింది. కారులో ఒంటరిగా ఆఫీసుకు వెళ్లే ఉద్యోగి పైసా కట్టనక్కరలేదు, పక్కవాడి మోచేయి డొక్కలో గుచ్చుకుంటూ నిలబడి వెళ్లేవాడి రైలు కట్టాలి. క్వీన్స్‌లాండ్‌లో వినోదం ఇంకా ముదిరింది: గనుల నుంచి రేవుకు బొగ్గు మోసే అక్కడి విద్యుత్ రైళ్లు తమను నడిపే కరెంటు పొగకు వెల చెల్లించుకుంటూ పోగా, అవి ఓడకెక్కించిన వేల టన్నుల బొగ్గు పరదేశంలో కాలినప్పుడు లేచే పొగ ఈ చట్టం కంటికి ఆననే ఆనదు.

లారీలకు ఈ వరం ప్రకటించినది 2011 జులై 10న. ఆ తర్వాత ఆరు వారాలకే, ఆగస్టు 22న, కర్బన ధర సహా పలు ఫిర్యాదులతో, ఎన్నికలు జరపాలంటూ లారీలు వరుసకట్టి రాజధాని కాన్‌బెరాకు వచ్చాయి. రైళ్లకు ఈ సౌకర్యం లేదు, ఎందుకంటే పార్లమెంటు పచ్చికబయలు దాకా పట్టాలు వేయాలన్న ఆలోచన ఏ ఇంజనీరుకూ తట్టలేదు.

అయినా ప్రభుత్వం న్యాయాన్ని పూర్తిగా మరచిపోలేదు, వాయిదా వేసిందంతే: 2014 జులై 1 నుంచి భారీ లారీలకూ ధర వర్తింపజేస్తామని చెప్పింది. ఈలోగా 2013 ఎన్నికల్లో టోనీ అబాట్ నాయకత్వంలోని కూటమి గెలవగా, 2014 జులై 17న సెనేట్ 39–32 ఓట్లతో చట్టాన్ని రద్దు చేసింది. ఆ రద్దును వెనక్కి జరిపి ఏ తేదీ నుంచి అమలు చేశారయ్యా అంటే, జులై 1 నుంచి.