తేటనీటి తేటగీతి (టీకా తాత్పర్య సహితం)

బోరు నీరొ నదీనీరొ పోల్చుకొనక
మీటరొక్కటి చూపిన మేర నమ్మి
కొన్న వడపోత యంత్రము కోరుచుండు
నేట నొకమారు కప్పంబు నింటినుండి.

అవతారిక: కొత్త ఫ్లాటులో పాలు పొంగించిన మరునాడే ఆర్వో వడపోత యంత్రం అమ్మవచ్చిన కుర్రవానిని చూచి, పొరుగు ఫ్లాటు పెద్దాయన ఆ ఇంటి యజమానికి చేసిన హితోపదేశమిది. విషయం తేటనీరు గనుక తేటగీతి.

ప్రతిపదార్థం: బోరు నీరొ = వందల అడుగుల లోతునుండి మోటారు లాగు నీరో; నదీనీరొ = మంజీరా, కృష్ణా, గోదావరులనుండి గొట్టములలో వచ్చు నీరో; పోల్చుకొనక = తేడా కనుగొనక; మీటరు ఒక్కటి = పెన్నువలె జేబులో ఇమిడెడి టీడీఎస్ మీటరు మాత్రమే; చూపిన మేర = చూపిన అంకెవరకు; నమ్మి = విశ్వసించి; కొన్న వడపోత యంత్రము = ఈఎంఐపై తెచ్చిన ఆర్వో; ఏటన్ ఒకమారు = సంవత్సరమునకొకసారి ('ఆర్నెల్ల కొకమారు' అని పాఠాంతరము; ఛందస్సు చెడినను అనుభవమునకు దగ్గర); కప్పంబున్ = ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) అను పన్నును; ఇంటినుండి = ఇంటివారి వద్దనుండి; కోరుచుండున్ = అడుగుచునే యుండును.

తాత్పర్యం: నీళ్ళు ఎక్కడివో, వాటిలో ఏముందో తెలుసుకోకుండా ఒక్క అంకెను నమ్మి ఆర్వో కొన్నవాడు ఏటేటా చెల్లించుకుంటూనే ఉంటాడు.

విశేషాలు: 'నదీనీరు' వైరిసమాసం. దోషమే. కానీ బోరు నీళ్ళు, నల్లా నీళ్ళు, ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు ఒకే సంపులోకి వదిలే అసోసియేషన్‌ను ఏమీ అనలేని మనం కవిని ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఈ కలగాపులగం వల్లే ఉగాదికి మీటరు చూపిన అంకె దసరాకు చూపదు. ఎండల్లో ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్ష చేయించుకోమని ధ్వని.

'ఒక్కటి' అన్న మాటలో పద్యం ప్రాణమంతా ఉంది. ఆ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నదే. దాన్నిబట్టి లీటరులో ఇన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగాయని లెక్కకట్టి చూపుతుంది; ఆ అంకే టీడీఎస్. ఏ లవణమో చెప్పదు, క్రిముల ఊసే ఎత్తదు. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం టీడీఎస్ 500 వరకు మంచిది, వేరే నీటి వసతి లేనిచోట 2000 వరకు సరే. ఫ్లోరైడుకు హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. నల్లగొండ పల్లెల్లో నడుములు వంచింది ఈ చిన్న హద్దు దాటిన ఫ్లోరైడే. నాలుగు వందలు చూపే నీటిలో రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నా లేకపోయినా మీటరు చూపేది ఇంచుమించు అదే నాలుగు వందలు.

ఇక ప్రదర్శన. మూలంలో లేదు గాని వ్యాఖ్యాత వదలరాదు. కుర్రవాడు రెండు గాజు గ్లాసులు అడుగుతాడు. ఒకదానిలో మీ నల్లా నీళ్ళు, రెండోదానిలో తాను తెచ్చిన ఆర్వో నీళ్ళు. రెంటిలోనూ లోహపు కడ్డీల పరికరం ముంచి ప్లగ్గు పెడతాడు. కాసేపటికి మీ గ్లాసులో తుప్పురంగు తెట్టె లేస్తుంది, అతని గ్లాసు తేటగానే ఉంటుంది. "చూశారా ఆంటీ, ఇన్నాళ్ళూ మీరు తాగింది ఇదే!" ఆంటీ నోట మాట రాదు. నిజానికి ఆ తుప్పు కడ్డీలోని ఇనుముది. లవణాలున్న నీటిలో కరెంటు పారి ఇనుము కరుగుతుంది. ఆర్వో నీటిలో లవణాలు బాగా తక్కువ గనుక కరెంటు సరిగా పారదు. అతని గ్లాసులోనూ చిటికెడు ఉప్పేసి మళ్ళీ ముంచమనండి, అదీ రంగు మారుతుంది. అలంకారం భ్రాంతిమంతం.

కొన్ని యంత్రాలకు టీడీఎస్ కంట్రోలరనే మర ఉంటుంది. ఆర్వో నీళ్ళు చప్పగా ఉండకుండా మెంబ్రేన్ అనే వడపోత పొరలోకి వెళ్ళని నీళ్ళు కొన్ని తెచ్చి కలుపుతుంది. బోరులో ఫ్లోరైడుంటే దాని వాటా మళ్ళీ గ్లాసులోకే వస్తుంది. దీన్ని పునరుక్తి దోషమందాం.

మోరీపాలయ్యే నీటి సంగతి కవి ఎత్తకపోవడం లోపమే. మామూలు ఇంటి ఆర్వో బిందెడు మంచినీళ్ళిచ్చి మూడు బిందెలు పారబోస్తుంది. 500 లోపు టీడీఎస్ ఉన్న నీటికి ఆర్వోను నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది ఊరికే కాదు.

కప్పం విషయంలో మాత్రం నేను కవితో పూర్తిగా ఏకీభవించను. కార్బన్ ఫిల్టరు అయిపోయినా మార్చకపోతే నీటిలోని క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది. కట్టక తప్పని కప్పం అది. కొనేముందే మూడేళ్ళ ఫిల్టర్ల ఖర్చెంతో అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

ఫలశ్రుతి: టీడీఎస్ 2000కు చేరువైనా, ఫ్లోరైడు 1.5 దాటినా మారుమాట లేకుండా ఆర్వో కొనండి. పరీక్షలో ఏ తేడా లేని నల్లా నీళ్ళకు యూవీ ఫిల్టరు చాలు. ముందు సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి పరీక్షశాలలోనో, గుర్తింపు ఉన్న ల్యాబులోనో ఇవ్వండి. రిపోర్టులో ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం మూడూ విడివిడిగా రాసివ్వమని మాత్రం మరవకుండా అడగండి.