నాటుకోడి సారు

శంషాబాద్ చుట్టుపక్కల, తొండుపల్లి నుంచి పాల్మాకుల దాకా, ఏ వెంచర్‌లోకి వెళ్ళినా ఒక నాటుకోడి సారు తగులుతాడు. పేర్లు వేరు, జాతి ఒక్కటే. ఏదో ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు కదిపి రిటైరయ్యాడు. "సిటీలో గాలి లేదండీ" అంటూ రెండొందల గజాల్లో ఇల్లు కట్టాడు. బోరు వేయించాడు, మామిడి మొక్క నాటాడు, ఆరు పెట్టల్నీ ఒక పుంజునీ తెచ్చాడు. మర్నాటి నుంచే బంధువులకు ఫోన్లు: "ఇక మేం గుడ్లు కొనే పనే లేదు."

పెట్టలకు పాత హీరోయిన్ల పేర్లు పెట్టుకున్నాడు: సావిత్రి, జమున, అంజలి, కృష్ణకుమారి, వాణిశ్రీ, భానుమతి. పుంజుకు రామారావని పెట్టే ధైర్యం చాలక 'హీరో' అని ఊరుకున్నాడు. గుడ్ల లెక్కకు ఎక్సెల్ షీటు తెరిచాడు. తేదీ, పేరు, బరువు, చివర్లో రిమార్కులు. పెట్టని రోజున ఆ గడిలో "సంజాయిషీ కోరవలెను" అని పడుతుంది. సర్వీసు పోయినా చేతి అలవాటు పోలేదు.

కార్తీకం రాగానే గుడ్లు తగ్గాయి, మార్గశిరానికి పూర్తిగా ఆగాయి. "నిష్ఠ మనకు గానీ కోళ్ళకెందుకండీ?" అని వాపోయి, సారు దర్యాప్తు మొదలెట్టాడు.

మొదటి ముద్దాయి విమానం. ఏది ఎప్పుడు దిగుతోందో చూపించే యాప్ ఫోన్లో వేసుకున్నాడు. "దుబాయ్ విమానం ఆలస్యంగా దిగింది, జమున ఆ రోజు పెట్టలేదు. చూశారా లింకు?" అంటాడు. శంషాబాద్‌లో విమానాలు ఎగరడం మొదలైంది 2008 మార్చి 23న. సారు కోళ్ళు పుట్టింది నిరుడు. విమానం లేని ఆకాశాన్ని అవి చూడనే లేదు. ఉన్నట్టుండి పేలిన టపాకాయకో, మీదికి దూకిన కుక్కకో బెదిరి కోడి గుడ్డు ఆపుతుంది గానీ, పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మోతను పట్టించుకోదు. చుట్టుపక్కల ఊళ్ళల్లో కోళ్ళు ఆ మోత కిందే పొదుగుతున్నాయి, పిల్లల్ని తిప్పుకుంటున్నాయి.

రెండో ముద్దాయి ఎదురింటావిడ. "మీ గుడ్డులో సొన ఎంత ఎర్రగా ఉందండీ!" అన్నదట. ఆ పూటే గూటికి నిమ్మకాయా, ఏడు మిరపకాయలూ వేలాడాయి. భానుమతి ఆ మిరపకాయల్ని తీరిగ్గా ఒక్కొక్కటే పొడుచుకు తినేసింది. పక్షుల నాలుకకు మిరప కారం తెలియదు. సారుకు ఈ సంగతి తెలియదు. "దిష్టి ఎంత గట్టిదంటే మిరపకాయలే మాయమయ్యాయి!" అని వీధంతా చెప్పాడు.

ఆ తర్వాత వాస్తు. గూడు ఈశాన్యంలో ఉండకూడదని వాయవ్యానికి జరిపించాడు. చోటు మారితే కోడి బెంబేలెత్తి, మామూలుగా పెట్టేది కూడా కొన్నాళ్ళు మానేస్తుంది. అప్పుడు నేరం హీరో మీదికి పోయింది. "వీడిలో దమ్ము లేదు" అని రెండో పుంజును తెచ్చాడు. పిల్లలు కావాలంటే పుంజు ఉండాలి గానీ గుడ్డుకు పుంజుతో పనే లేదు. పుంజులు రెండూ నెత్తురొచ్చేలా పొడుచుకుంటుంటే పెట్టలు ప్రహరీ ఎక్కి కూర్చున్నాయి.

ఎవరో వెలుతురు మాట చెప్పారు. ఆ మాట నిజమే. పగటి పొడుగును బట్టే పెట్ట ఒంట్లో గుడ్డు తయారవుతుంది; నిలకడగా పెట్టాలంటే రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటల వెలుతురు ఉండాలి. డిసెంబరులో మనకు పగలు పదకొండు గంటలే. అందుకే ఫారం షెడ్లలో తెల్లవారుజామునో, సాయంత్రమో దీపాలు వేస్తారు. సారు మాత్రం నూరు వాట్ల బల్బు రాత్రంతా వెలిగించాడు. నిద్ర లేక చిరాకెత్తిన కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీక్కున్నాయి.

ఇక మేత. ఫంక్షన్ హాల్లో మిగిలిన బిర్యానీ, పెరుగన్నం, పిల్లలు వదిలేసిన బ్రెడ్డు. ఒక గుడ్డు పెంకుకు రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలి, ఆ పెంకు కట్టడానికే ఇరవై గంటలు పడుతుంది. బాస్మతి బియ్యంలోంచి పెంకెలా వస్తుంది? ఆల్చిప్పల పొడి వేయమంటే, "నాటుకోడికి కూడా టానిక్కులేంటండీ!" అని సారు నవ్వుతాడు.

చివరికి మిస్టరీ విప్పింది పాలు పోసే అవ్వ. సావిత్రిని చంకలో ఇరికించుకుని, తోక కింద ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూసింది. "గుడ్లు పెట్టే కోడికైతే ఈడ రెండు మూడు వేళ్ళు పడ్తయ్ సారూ. దీనికి ఒక్కటే పడ్తుంది. జుట్టు సుత పాలిపోయింది. ఈకలు రాలుస్తుంది, రెండు మూడు నెలలు దాని జోలికి పోకు" అంది. జమున గూట్లో బల్లపరుపుగా పరుచుకుని, చెయ్యి పెడితే గుర్రుమంటోంది. "ఇది పొదుగుకొచ్చింది. కింద గుడ్లు పెట్టి ఇరవై ఒక్క రోజులు కూసోనియ్యి, పిల్లలొస్తయ్." వాణిశ్రీని చూసి నవ్వింది. "దీని జుట్టు ఎర్రగుంది, ఇది పెడ్తుంది. ఎక్కడ పెడ్తుందో నువ్వే ఎతకలె."

వెతికితే కారు షెడ్డులో, పాత టైరు బోలులో తొమ్మిది గుడ్లు. బకెట్ నీళ్ళలో వేస్తే నాలుగు తేలాయి. సారు ఆ నాలుగూ పారేసి, మిగతా అయిదూ షీటులో 'రికవరీ' కింద ఎక్కించాడు. అవ్వకు ఒక్కటీ ఇవ్వలేదు.

శంషాబాద్‌కు కూతవేటు దూరంలో, రాజేంద్రనగర్‌లో కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది వాళ్ళే. గుడ్లే ముఖ్యమనుకునేవాళ్ళకు గ్రామప్రియ ఉంది. ఆ మాటంటే సారుకు నచ్చదు. "అసలు సిసలు నాటుదే కావాలి" అంటాడు. ఫారం కోడి ఏడాదికి మూడొందలు పెడితే, అసలు సిసలు నాటుది వంద పెట్టడం గగనం. పదో పన్నెండో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, పిల్లల్ని పెంచుతుంది, ఈక మారుస్తుంది, మళ్ళీ మొదలెడుతుంది. ఆయనకు నాటుకోడి రుచి కావాలి, ఫారం కోడి హాజరు కావాలి. జబ్బంతా అక్కడే ఉంది.

కాబట్టి కోళ్ళు తెచ్చుకునే ఆలోచనలో ఉన్న అయ్యలకూ అమ్మలకూ ఒక మనవి. గుడ్డు ఆగితే ముందు ఈకలు, జుట్టు, మేత, నీళ్ళు చూడండి. ఆ తర్వాత ఇల్లంతా వెతకండి. కోడి తూగుతున్నా, మెడ తిప్పుతున్నా, పచ్చగా పారుతున్నా కొక్కెర రోగం కావచ్చు, ఆలస్యం చేయక పశువుల డాక్టరుకు చూపించండి. ఏవీ లేకపోతే కోడి సెలవులో ఉందని అర్థం. ఏడాదిలో సగానికి పైగా గుడ్డు లేకుండా మేపే ఓపిక ఉంటేనే నాటుకోడిని తెచ్చుకోండి. లేనివాళ్ళకు కిరాణా కొట్లో ట్రేలు దొరుకుతాయి, సంజాయిషీ అడగక్కర్లేదు.